టైట్ ఎండ్ కుర్రాడు మైదానంలోకి దిగేది ఎప్పుడు? తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ వైపు తెలుగువాళ్ల ఇళ్లలో శనివారం వచ్చిందంటే చాలాచోట్ల టీవీలో జార్జియా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బుల్‌డాగ్స్ ఆట నడుస్తుంటుంది. పిల్లలు ఇక్కడి బడుల్లోనే పెరిగారు కాబట్టి వాళ్లకు ఆట తెలుసు. సందేహాలన్నీ పెద్దవాళ్లవి. అందులో తరచూ వినిపించేది ఒకటుంది: "అంత పేరున్న కుర్రాడిని ఏరికోరి తెచ్చుకుని, పక్కన ఎందుకు నిలబెట్టారు?" టైట్ ఎండ్ విషయంలో ఈ ప్రశ్న ఇంకా ఎక్కువగా వస్తుంది. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన స్థానం అదే కాబట్టి, అడిగినవాటికి, అడగాల్సినవాటికి కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా జార్జియావే. ఈ పదేళ్లలో టైట్ ఎండ్‌ల చేత అంత పని చేయించుకున్న జట్లు తక్కువ.

టైట్ ఎండ్ అంటే అసలు ఎవరు?

బంతి చేతిలో ఉన్న జట్టులో 11 మంది ఉంటారు. అందులో ఐదుగురు లైన్‌మెన్. ఎదుటివాళ్లను అడ్డుకోవడమే వాళ్ల పని, మామూలుగా పాస్ అందుకోవడానికి వీల్లేదు. ఆ వరుస చివర, టాకిల్ (ఐదుగురిలో చివరి లైన్‌మన్) భుజానికి ఆనుకున్నట్టు నిలబడేవాడు టైట్ ఎండ్. ఆటలో ఒక్కో ఎత్తును ప్లే అంటారు. బంతి పట్టుకుని పరిగెత్తే పరుగు ప్లే అయితే అతను ఆరో లైన్‌మన్, బంతి విసిరే పాస్ అయితే దాన్ని అందుకునే రిసీవర్. ఏది ఎప్పుడన్నది ఎదుటి జట్టుకు ముందే తెలియకూడదు. అతని విలువంతా అక్కడే ఉంది.

క్రికెట్ తెలిసినవాళ్లు వికెట్‌కీపర్ బ్యాటర్‌ను తలచుకుంటే చాలు. పేపర్లో పేరు పడేది పరుగులకు, జట్టులో చోటు నిలిచేది గ్లవ్స్‌తో చేసే పనికి. టైట్ ఎండ్‌కు ఆ గ్లవ్స్ పని బ్లాకింగ్, అంటే ఎదుటివాళ్లను అడ్డుకోవడం. ఈ పేజీలో ఏ ప్రశ్నకు జవాబు చెప్పినా చివరికి మళ్లీ బ్లాకింగ్ దగ్గరికే వస్తాను.

ఒక జట్టులో ఎంతమంది టైట్ ఎండ్‌లకు ఆడే చోటు ఉంటుంది?

కుర్రాడి భవిష్యత్తు గురించి ఏం మాట్లాడాలన్నా ముందు ఈ లెక్క తేల్చుకోవాలి. అతని ప్రతిభ గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

కోచ్‌లు "11 పర్సనెల్", "12 పర్సనెల్" అంటుంటారు. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌ల (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ల) సంఖ్య, రెండోది టైట్ ఎండ్‌ల సంఖ్య. 11 అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు వైడ్ రిసీవర్లు. 12 అంటే టైట్ ఎండ్‌లు ఇద్దరు, వైడ్ రిసీవర్లు ఇద్దరు. కాలేజీ జట్లలో చాలావరకు 11కే అలవాటు పడ్డాయి. అంటే టైట్ ఎండ్‌ల గదిలో ఐదుగురున్నా మైదానంలో ఉండేది ఒక్కడే.

ఒక లెక్క వేసి చూద్దాం. జట్టు ఒక మ్యాచ్‌లో 70 ప్లేలు నడిపిందనుకోండి. వాటిలో 30 ప్లేలకు ఇద్దరు టైట్ ఎండ్‌లను దింపితే పంచుకోవడానికి 100 చోట్లు ఉంటాయి. 10 ప్లేలకే దింపితే 80. మొదటివాడు 60 తీసుకుంటాడు, మొదటి లెక్కలో మిగతావాళ్లకు 40, రెండో లెక్కలో 20. కుర్రాడు వాడే, కష్టం అంతే, కోచ్ ఆలోచనను బట్టి అవకాశం సగానికి పడిపోయింది. అందుకే కుర్రాడి వీడియోలు చూసే ముందు, ఆ జట్టు నిరుడు ఎన్నిసార్లు ఇద్దరిని కలిపి దింపిందో చూడమంటాను.

2022లో జార్జియా బ్రాక్ బవర్స్‌ను, డార్నెల్ వాషింగ్టన్‌ను ఒకేసారి దింపి ప్రత్యర్థులను తికమక పెట్టింది. అడ్డుకోవడానికి బరువైనవాళ్లను దింపితే బవర్స్ వాళ్లకు అందకుండా పోతాడు. వేగమున్న చిన్నవాళ్లను దింపితే 6 అడుగుల 7 అంగుళాల వాషింగ్టన్ వాళ్లను పక్కకు నెట్టేస్తాడు. ఆ ఏడాది జార్జియా వరుసగా రెండోసారి జాతీయ విజేత. ఫైనల్లో టీసీయూ మీద 65-7.

మొదటి ఏడాదే ఆడటం సాధ్యమేనా?

సాధ్యమే, చాలా అరుదు. దానికి అందరూ చెప్పే ఉదాహరణ బ్రాక్ బవర్స్. అతని కథను సగం మాత్రమే చెప్పుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

బవర్స్‌ది కాలిఫోర్నియాలోని నాపా. కొవిడ్ వల్ల హైస్కూల్ చివరి సీజన్ ఆడనే లేదు. 2021 జనవరిలోనే చదువు ముగించుకుని ఏథెన్స్‌కు వచ్చి జార్జియా యూనివర్సిటీలో చేరిపోయాడు. అలా ముందుగా రావడం వల్ల వసంతకాలపు 15 ప్రాక్టీసులూ అతనికి దక్కాయి. అవన్నీ మిగతా కొత్తవాళ్లు ఇంకా హైస్కూల్ క్లాసుల్లో కూర్చున్న రోజులు. ఆగస్టు శిబిరంలో వాషింగ్టన్ పాదానికి గాయమైంది. సీజన్ మొదట్లో ఆడాల్సిన పెద్దవాడు లేకుండా పోయాడు.

సెప్టెంబరు 4న షార్లెట్‌లో క్లెమ్సన్‌తో మొదటి మ్యాచ్. 10-3తో ముగిసిన ఆ గట్టి పోరులో జార్జియా తరఫున అందరికన్నా ఎక్కువ పాస్‌లు అందుకున్నది ఆ కొత్త కుర్రాడే, ఆరు. మరుసటి వారం యూఏబీ మీద స్టెట్సన్ బెన్నెట్ వేసిన ఒక పాస్ అందుకుని 89 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని గోల్ గీత దాటించాడు. సీజన్ ముగిసేసరికి 56 పాస్‌లు, 882 గజాలు, 13 టచ్‌డౌన్‌లు. అలబామా మీద 33-18తో గెలిచిన ఫైనల్లో, నాలుగో క్వార్టర్‌లో అతను చేసిన టచ్‌డౌన్‌తోనే జార్జియా ఆధిక్యం ఎనిమిది పాయింట్లకు పెరిగింది.

వేగం వల్ల ఆడాడని అందరూ అంటారు. నిజమే, కానీ వేగమున్న కుర్రాళ్లు ఏటా వస్తారు. బవర్స్ మొదటి నెల నుంచే పరుగు ప్లేలలో తనకన్నా బరువైనవాళ్లకు ఎదురు వెళ్లి నిలబడ్డాడు. అందుకే ప్లే మారినప్పుడల్లా అతన్ని బయటికి పిలవాల్సిన అవసరం కోచ్‌లకు రాలేదు. ముందుగా చేరడం, ముందున్నవాడు గాయపడటం, బ్లాకింగ్‌కు వెనకాడకపోవడం, ఈ మూడూ కలిశాయి. మూడింట్లో ఒకటి తగ్గినా ఆ సీజన్ అలా ఉండేది కాదని నా నమ్మకం.

మరి ఎక్కువమందికి రెండు మూడేళ్లు ఎందుకు పడుతుంది?

హైస్కూల్లో మంచి టైట్ ఎండ్ అంటే సాధారణంగా ఊళ్లో అందరికన్నా పొడుగున్న కుర్రాడు. కోచ్ అతన్ని పక్కకు నిలబెట్టి పైకి బంతి విసరమంటాడు. ఎగిరి పట్టుకుంటాడు. బ్లాక్ చేయాల్సి వచ్చినా ఎదురుగా ఉండేది 190 పౌండ్ల పదిహేడేళ్ల పిల్లాడు. భుజం ఆనిస్తే చాలు.

కాలేజీలో మొదటి వారమే సంగతి మారిపోతుంది. పరుగు ప్లే తన వైపే వస్తోందనుకోండి. ఎదురుగా ఇరవై రెండేళ్ల డిఫెన్సివ్ ఎండ్ (ఎదుటి లైన్ చివర నిలబడేవాడు), 265 పౌండ్లు, చేతులు పొడుగు. స్నాప్ అవగానే, అంటే బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టగానే, మన కుర్రాడు వేసే మొదటి అడుగు జానెడు కన్నా ఎక్కువ ఉండకూడదు. పెద్ద అడుగు వేస్తే కాలు గాల్లో ఉండగానే దెబ్బ తగిలి వెనక్కి పడతాడు. రెండో అడుగు నేలకు తాకేలోపు రెండు అరచేతులూ ఎదుటివాడి ఛాతీ మీద, బొటనవేళ్లు పైకి, మోచేతులు లోపలికి ఉండాలి. చేతులు భుజాల బయటికి జారాయంటే రెఫరీ జెండా విసురుతాడు, పట్టుకున్నందుకు 10 గజాలు వెనక్కి. నడుము ఎదుటివాడి నడుము కన్నా కిందే ఉండాలి. ఆరడుగుల అయిదంగుళాలున్నవాడికి ఆ వంగడం ఎంత కష్టమో ఊహించండి. ఆ తర్వాత కాళ్లు ఆగకూడదు. విజిల్ వినిపించేదాకా చిన్న చిన్న అడుగులు పడుతూనే ఉండాలి.

ఇది ఒక్క రకం మాత్రమే. "స్ప్లిట్ జోన్" అనే ప్లేలో టైట్ ఎండ్ తన వైపు వదిలేసి, లైన్ వెనకగా అడ్డంగా పరిగెత్తి, అవతలి చివర కావాలనే వదిలిపెట్టిన డిఫెన్సివ్ ఎండ్‌ను వెళ్లి గుద్దాలి. ఆ పరుగులో తల తిప్పి చూసే తీరిక ఉండదు. పాస్ ప్లేలో ఒక్కోసారి ముందు ఎదుటివాడికి భుజం తగిలించి, ఆ తర్వాతే తన దారి పట్టాలి. వెనక కాపు కాసే సేఫ్టీ కదిలిన తీరును బట్టి ఆ దారి కూడా మారుతుంది, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కూడా అదే చూసి అదే నిర్ణయానికి రావాలి. ఇద్దరిలో ఒకరు వేరేగా చదివితే బంతి ప్రత్యర్థి చేతిలో పడుతుంది.

క్వార్టర్‌బ్యాక్‌ను పక్కన పెడితే, దాడి ఆటలో ఇన్ని రకాల పాఠాలు నేర్చుకోవాల్సింది టైట్ ఎండే. లైన్‌మెన్ సమావేశంలో చెప్పేది తెలియాలి, రిసీవర్ల సమావేశంలో చెప్పేదీ తెలియాలి. సీజన్‌లో జట్టు పనికి వారానికి 20 గంటలే పెట్టాలని కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ఉంది, దాంట్లోనే ఇదంతా. మీ కుర్రాడు మొదటి ఏడాది ఆడలేదంటే చాలాసార్లు దానికి కారణం నేర్చుకోవాల్సింది ఇంకా ఉండటమే. ప్రతిభ మీద అనుమానం అక్కర్లేదు.

బరువు పెరగాల్సిందేనా?

చాలామందికి తప్పదు. 220 పౌండ్లతో, అంటే వంద కిలోలతో వచ్చిన కుర్రాడు 240, 250 దగ్గర నిలబడాలి, అదీ వేగం పోకుండా. ఏడాదిలో అయ్యేవాళ్లూ ఉన్నారు, మూడేళ్లు పట్టేవాళ్లూ ఉన్నారు. తిండి కోసం ఇంట్లోవాళ్లు దిగులు పడక్కర్లేదు. 2014 నుంచి డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) బడులు, అంటే కాలేజీలు, ఆటగాళ్లకు, స్కాలర్‌షిప్ లేనివాళ్లకు కూడా, ఎన్నిసార్లయినా భోజనం పెట్టవచ్చు. పెద్ద జట్లలో పోషకాహార నిపుణులే పట్టిక రాసిస్తారు. శాకాహారి అయితే ఆ సంగతి మొదటి రోజే చెప్పేయండి.

గణాంకాలు చూస్తే ఆడుతున్నాడో లేదో తెలిసిపోతుంది కదా?

తెలియదు. ఈ పొరపాటే అందరూ చేస్తారు.

జార్జ్ కిట్టిల్ అయోవాలో ఉన్నన్నాళ్లూ కలిపి అందుకున్న పాస్‌లు 48. 2013లో ఐదు, 2014లో ఒక్కటంటే ఒక్కటి. ఆ అంకెలు చూసి ఎవరైనా ఇతనికి భవిష్యత్తు లేదనుకుంటారు. 2017 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేది అక్కడే) ఐదో రౌండ్ దాకా, 145 మంది పేర్లు పిలిచేదాకా అతన్ని ఎవరూ తీసుకోలేదు. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో అతను మేటి టైట్ ఎండ్‌లలో ఒకడయ్యాడని ఆట చూసేవాళ్లందరికీ తెలుసు. అయోవాలో పరుగు ప్లేలు ఎక్కువ, అక్కడ బ్లాకింగ్ రాని టైట్ ఎండ్ మైదానంలో కనిపించడు. ఆ అలవాటే అతన్ని నిలబెట్టింది.

డార్నెల్ వాషింగ్టన్ 2022లో అందుకున్నవి 28 పాస్‌లే. జార్జియా పరుగు ఆటలో ఎదుటి లైన్ ఎటు ఒరిగిందో చూస్తే అతని పని కనిపిస్తుంది. 2023లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మూడో రౌండ్‌లో తీసుకుంది. కైల్ పిట్స్ ఫ్లోరిడాలో మొదటి ఏడాది మూడే మూడు పాస్‌లు అందుకున్నాడు. రెండేళ్ల తర్వాత సీజన్‌లో 12 టచ్‌డౌన్‌లు చేశాడు, 2021 డ్రాఫ్ట్‌లో నాలుగో పేరు అతనిదే. టైట్ ఎండ్‌లలో అంత ముందుగా ఎవరినీ తీసుకోలేదు.

కాబట్టి చూడాల్సింది పాస్‌ల లెక్క కాదు, స్నాప్‌ల లెక్క. ఎన్ని ప్లేలలో మైదానంలో ఉన్నాడు, అవి ఎలాంటి ప్లేలు అన్నది ముఖ్యం.

రెడ్‌షర్ట్ చేశారంటే కుర్రాడిని వదిలేసినట్టేనా?

కాదు. కాలేజీ ఆటగాడికి ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్‌లు ఆడే వీలుంటుంది. ఆడకుండా పక్కన పెట్టి, ఆ ఏడాదిని మిగుల్చుకోవడమే రెడ్‌షర్ట్. 2018లో నిబంధన సడలించారు: నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా సీజన్ ఖర్చయినట్టు లెక్కేయరు. 2024 నుంచి సీజన్ తర్వాత జరిగే బౌల్, ప్లేఆఫ్ మ్యాచ్‌లను కూడా ఆ నాలుగింట్లో కలపడం లేదు.

దీనివల్ల కొత్త టైట్ ఎండ్‌లకు మంచే జరిగింది. చిన్న జట్టుతో ఆడే సెప్టెంబరు మ్యాచ్‌లో కాసేపు, నవంబరులో మరోసారి దింపి, కుర్రాడు ఎంత ఎదిగాడో కోచ్‌లు కళ్లారా చూసుకుంటున్నారు. అక్టోబరులో మీవాడు హఠాత్తుగా కనిపించకపోతే కంగారు పడకండి, నాలుగు మ్యాచ్‌ల లెక్క కాపాడుతుండవచ్చు. టి.జె. హాకెన్‌సన్ 2016లో అయోవాలో రెడ్‌షర్టే. 2018లో దేశంలో మేటి టైట్ ఎండ్‌కు ఇచ్చే మాకీ అవార్డు అతనిదే. 2019 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పేరు అతనిది, ఇరవయ్యో పేరు అదే జట్టులో అతని పక్కన ఆడిన నోవా ఫాంట్‌ది. ఒకే బడి నుంచి ఒకే ఏడాది ఇద్దరు టైట్ ఎండ్‌లు మొదటి రౌండ్‌లో వెళ్లడం అదే మొదటిసారి.

స్పెషల్ టీమ్స్‌లో ఆడిస్తున్నారు. దాని వల్ల లాభమేమైనా ఉందా?

చాలా ఉంది. కిక్‌ఆఫ్‌లకు, పంట్‌లకు, అంటే బంతిని కాలితో తన్నే ప్లేలకు, పంపేది పరిగెత్తగలిగే పెద్ద శరీరాలను. టైట్ ఎండ్‌కు ఆ రెండూ ఉంటాయి. అక్కడ చెప్పిన చోట నిలబడి, చెప్పినవాడిని ఆపినవాడిని కోచ్ గుర్తుపెట్టుకుంటాడు. బయటి ఊళ్ల మ్యాచ్‌లకు తీసుకెళ్లే ప్రయాణ జట్టులో పేరు ఎక్కేది కూడా చాలామందికి ఇలాగే.

ముందున్నవాడికి గాయమైతే మావాడికి అవకాశం వచ్చినట్టేనా?

వస్తుంది. కానీ అతను చేసిన పనే మీవాడికి అప్పగిస్తారని అనుకోవద్దు.

ఆస్కార్ డెల్ప్ సంగతి చూడండి. కమ్మింగ్‌లోని వెస్ట్ ఫోర్సైత్ హైస్కూల్ కుర్రాడు, మన తెలుగు పిల్లలు ఎందరో చదివే కౌంటీ అది. 2022లో జార్జియాకు వచ్చేసరికి ముందు బవర్స్, పక్కన వాషింగ్టన్. మొదటి ఏడాది చూస్తూ నేర్చుకోవడంతోనే సరిపోయింది. 2023లో వాషింగ్టన్ వెళ్లిపోవడంతో రెండో టైట్ ఎండ్ అయ్యాడు. అక్టోబరు 14న నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్‌తో ఆడుతూ బవర్స్ చీలమండకు గాయం చేసుకున్నాడు, శస్త్రచికిత్స జరిగింది. ఫ్లోరిడా, మిజోరి మ్యాచ్‌లు అతను లేకుండానే ఆడి జార్జియా రెండూ గెలిచింది. నవంబరు 11న ఓల్ మిస్ మీద అతను తిరిగొచ్చాడు.

ఆ మధ్యకాలంలో మొదటి టైట్ ఎండ్ డెల్ప్. కానీ బవర్స్‌కు వేసే స్క్రీన్‌లు (ముందు అడ్డుకునేవాళ్లను పెట్టి వేసే చిన్న పాస్‌లు), అతని చేతికే బంతి ఇచ్చి పరిగెత్తించే ప్లేలు డెల్ప్‌కు ఇవ్వలేదు. అతనికి చేతనైనవే అడిగారు: లైన్ పక్కన నిలబడు, అడ్డుకో, అడపాదడపా మధ్యలోకి పరిగెత్తి అందుకో. ఆ ఏడాది 24 పాస్‌లు అందుకున్నాడు. నన్నడిగితే అంతకన్నా విలువైనది ఇంకొకటి ఉంది. బవర్స్ తిరిగొచ్చాక కూడా డెల్ప్ మైదానంలోనే ఉన్నాడు. కోచ్ నమ్మకం ఒకసారి వచ్చిందంటే ముందున్నవాడు కోలుకోగానే పోదు.

ఇంకో బడికి మారిపోవడం మంచిదా, ఓపిక పట్టడం మంచిదా?

ఇళ్లలో ఎక్కువ గొడవ జరిగేది ఈ ప్రశ్న దగ్గరే. 2018 అక్టోబరులో, బడి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. 2021 నుంచి ఒకసారి మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది. 2024 నుంచి చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు. పోర్టల్‌కు కేటాయించిన రోజుల్లో తలుపు తెరిచే ఉంటుంది.

ఆ తలుపు రెండు వైపులా తెరుచుకుంటుందన్నది మర్చిపోతాం. మీవాడు వెళ్లగలిగినట్టే అనుభవమున్నవాడు మీవాడి చోటుకు రాగలడు. 2024లో బవర్స్ వెళ్లిపోయాక, ఇక కుర్రాళ్లదే రాజ్యం అనుకుంటుండగా జార్జియా స్టాన్‌ఫర్డ్ నుంచి బెంజమిన్ యురోసెక్‌ను తెచ్చుకుంది. ఓపిక పట్టినవాడి ముందు వరుస తరగడం మాత్రమే కాదు, కొత్తవాళ్లు వచ్చి నిలబడటం కూడా ఇప్పుడు మామూలే.

అయినా నా మొగ్గు ఓపిక వైపే, కనీసం టైట్ ఎండ్ విషయంలో. టైలర్ వారెన్ 2020లో పెన్ స్టేట్‌లో చేరాడు. ముందు బ్రెంటన్ స్ట్రేంజ్, థియో జాన్సన్, ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లినవాళ్లే. వారెన్ అందుకున్న పాస్‌లు 2021లో 5, 2022లో 10, 2023లో 34. చివరి ఏడాది, 2024లో, 104. గజాలు 1,233. మాకీ అవార్డు, ఆపైన 2025 డ్రాఫ్ట్‌లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ 14వ పేరుగా పిలవడం.

2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో యూఎస్‌సీతో ఆడిన మ్యాచ్‌లో ఒక ప్లే ఉంది. వారెన్ లైన్ మధ్యలో కూర్చుని తానే బంతి స్నాప్ చేశాడు, లేచి ముందుకు పరిగెత్తాడు, గోల్ దగ్గర ఇద్దరి పైన ఎగిరి టచ్‌డౌన్ పాస్ పట్టుకున్నాడు. ఆ రోజు మొత్తం 17 పాస్‌లు, 224 గజాలు. అలాంటి ప్లే రాసి అతని చేతిలో పెట్టాలంటే కోచ్‌లకు ఎన్నేళ్ల పరిచయం కావాలో ఆలోచించండి. బడి మారిన ప్రతిసారీ ఆ పరిచయం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

మారాల్సిన సందర్భాలూ ఉన్నాయి. రెండేళ్లు గడిచినా ప్రయాణ జట్టులో పేరు లేకపోతే, తనకన్నా వెనక వచ్చినవాడు ముందుకు వెళ్లిపోతే, కొత్త కోఆర్డినేటర్ టైట్ ఎండ్‌లే అక్కర్లేని ఆట మొదలుపెడితే, అప్పుడు మారడమే న్యాయం. ఒక్క సెప్టెంబరు ఆడలేదని మాత్రం మారకండి.

కోచ్ మారితే?

హెడ్ కోచ్ మారితే అందరికీ తెలుస్తుంది. టైట్ ఎండ్‌కు అంతకన్నా ముఖ్యమైనవాళ్లు దాడి ఆటను నడిపే అఫెన్సివ్ కోఆర్డినేటర్, టైట్ ఎండ్స్ కోచ్. జార్జియాలో 2023 ఫిబ్రవరిలో కోఆర్డినేటర్ టాడ్ మంకెన్ బాల్టిమోర్ రేవెన్స్‌కు వెళ్లిపోయాడు, మైక్ బోబో వచ్చాడు. అయినా టైట్ ఎండ్‌ల పని తగ్గలేదు. వాళ్లకు నేర్పే టాడ్ హార్ట్‌లీ 2019 నుంచీ అక్కడే ఉన్నాడు, పైన కర్బీ స్మార్ట్ మారలేదు. రోజూ ప్రాక్టీసులో పక్కన నిలబడేది ఎవరో, అతను ఎన్నాళ్లు ఉంటాడో కనుక్కోండి.

మావాడు హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్. టైట్ ఎండ్‌గా మారమంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. వారెన్ హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్. ట్రావిస్ కెల్సీ సిన్సినాటిలో చేరింది కూడా క్వార్టర్‌బ్యాక్‌గానే. ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చదవడం వాళ్లకు ముందే వచ్చు, ఖాళీ ఎక్కడ ఏర్పడుతుందో తెలుసు. బ్లాకింగ్ మాత్రం సున్నా నుంచి మొదలుపెట్టాలి, దానికి రెండేళ్లు తీసి పక్కన పెట్టుకోండి.

105 మంది పరిమితి వచ్చాక ఏం మారింది?

2025 దాకా పెద్ద జట్లకు 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో చేరే వాక్-ఆన్‌లతో కలిసి జట్టు 120 దాటిపోయేది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందాన్ని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించాక, ఆ ఒప్పందంలో చేరిన బడుల్లో మొత్తం జట్టే 105. స్కాలర్‌షిప్ ఎంతమందికైనా ఇవ్వవచ్చు. దెబ్బ తగిలింది వాక్-ఆన్‌లకు. మూడేళ్లు స్కౌట్ టీమ్‌లో (ప్రాక్టీసులో ప్రత్యర్థి పాత్ర పోషించే జట్టులో) చెమటోడ్చి నాలుగో ఏడాది బ్లాకింగ్ టైట్ ఎండ్‌గా నిలబడే దారి ఇరుకైపోయింది. ఆ దారిలో వచ్చినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం, అందుకే ఈ మార్పు బాధగానే ఉంది.

మా అబ్బాయికి గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. ఎన్‌ఐఎల్ డబ్బు తీసుకోవచ్చా?

2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. కానీ ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు పని చేయడం మీద పరిమితులున్నాయి, హెచ్-4 మీద ఉన్న పిల్లలకు మామూలుగా పని అనుమతే ఉండదు. జట్టు మేనేజరో స్నేహితుడో ఫర్వాలేదన్నాడని సంతకం పెట్టవద్దు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు కాగితం చూపించండి. ఆడటానికి మాత్రం వీసా అడ్డు కాదు.

బడి చూడటానికి వెళ్లినప్పుడు కోచ్‌ను ఏం అడగాలి?

"మావాడు ఎప్పుడు ఆడతాడు?" అని అడగకండి. ఏ కోచ్ అయినా "కష్టపడితే మొదటి రోజే" అంటాడు. అంకెలు అడగండి. నిరుడు ఎన్ని ప్లేలకు ఇద్దరు టైట్ ఎండ్‌లు దిగారు? ఇప్పుడున్నవాళ్లలో ఎవరికి ఎన్ని సీజన్‌లు మిగిలాయి? గత మూడేళ్లలో ఈ స్థానానికి పోర్టల్ నుంచి ఎంతమందిని తెచ్చారు? మొదటి ఏడాది టైట్ ఎండ్ చివరిసారి ఎప్పుడు ఆడాడు, ఏ పని చేశాడు? జనవరిలో ముందుగా చేరే వీలుందా?

వీలుంటే ప్రాక్టీసు చూడనివ్వమని కూడా అడగండి. టైట్ ఎండ్‌లు లైన్‌మెన్‌తో గడిపే సమయం ఎంతో, పాస్‌లు పట్టుకుంటూ గడిపే సమయం ఎంతో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

శనివారం మ్యాచ్ చూస్తూ, కుర్రాడు అవకాశానికి దగ్గరయ్యాడో లేదో ఎలా పోల్చుకోవాలి?

ఆధిక్యం 30 పాయింట్లు ఉన్నప్పుడు దింపితే దానికి పెద్దగా విలువ ఇవ్వకండి. రెండో క్వార్టర్ చూడండి. మూడో డౌన్ (10 గజాలకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఒక్క గజం కావాలి, రెండో టైట్ ఎండ్ పరిగెత్తుకొస్తున్నాడు. అతని నంబరు ఎంత? గోల్ లైన్ దగ్గర ఎవరు దిగారు? నాలుగు నిమిషాలు మిగిలి, ఏడు పాయింట్ల ఆధిక్యంతో, పరుగులతో గడియారం కరిగించాల్సి వచ్చినప్పుడు ఎవరు నిలబడ్డారు? ఈ మూడు చోట్ల మీ కుర్రాడి నంబరు కనబడిందంటే, ఆ రోజు ఒక్క పాస్ కూడా అతని వైపు రాకపోయినా, కోచ్ అతన్ని నమ్మాడన్నమాట.

స్నాప్‌ల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ లెక్క ప్రతి మ్యాచ్‌కూ బయటికి వస్తుంది. కాలేజీ జట్ల అధికారిక స్కోరు పట్టికలో అతను మ్యాచ్‌లో దిగాడా లేదా అన్నదే ఉంటుంది. ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ వంటివాళ్లు ప్రతి ప్లే చూసి లెక్కగట్టి చందాదారులకు ఇస్తారు, జట్టును రోజూ కవర్ చేసే స్థానిక విలేకరులు వాటిని సోమవారం నాటి కథనాల్లో వాడుతుంటారు. ఏదీ దొరక్కపోతే మ్యాచ్ రికార్డు చేసుకుని, మొదటి రెండు క్వార్టర్లలో అతని నంబరు కనిపించిన ప్రతి ప్లేకు కాగితం మీద ఒక గీత గీయండి. పరుగు ప్లేకు ఒక వైపు, పాస్‌కు ఇంకో వైపు.